ఆలస్యమునకు వెల లేదా?

కర్మాగారపు ఈల ఆగిన దినముననే కార్మికుని పొయ్యి ఆరిపోదు. మొదటి నెల కిరాణా కొట్టువాడు అప్పు పెట్టును. రెండవ నెల ముఖము చిట్లించును. మూడవ నెల ఖాతా పుస్తకము మూయును. ఇంటి యజమాని అద్దెకును, బడివారు ఫీజునకును, అప్పిచ్చినవాడు వాయిదాకును ఒక్క వారమైనను ఓర్వరు. కాని ఆ కార్మికునికి రావలసిన నిరుద్యోగ భృతి మాత్రము ఒక బల్లమీదినుండి మరియొక బల్లమీదికి నెమ్మదిగా నడచి, వచ్చినప్పుడు వచ్చును. ఈ ఆలస్యమును గూర్చియు, ఆ ఆలస్యకాలమున వాడు సంపాదించిన నాలుగు డబ్బులను చెప్పవలెనా దాచవలెనా యను చిక్కును గూర్చియు నేడు మేము కొంత వ్రాయదలచితిమి. ఇవి రెండు వేరు విషయములుగా తోచును గాని, నిజమునకు ఒకే త్రాటికి రెండు కొసలు.

ఓరుగల్లు పురవాసులకు ఈ బాధ పరాయిది కాదు. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు తరముల తరబడి ఈ నగరమునకు అన్నము పెట్టినది. శతాబ్దము మారు కాలమునకు అదియు మూతపడినది. 2014లో, నాటి వరంగల్లు జిల్లాలోనే యుండిన కమలాపురమున రేయాన్ గుజ్జు కర్మాగారములో ఉత్పత్తి నిలిచిపోయెను. యంత్రము ఆగినప్పుడు కార్మికుని ఆదుకొనుట యెవరి బాధ్యతయన్న ప్రశ్న మనకు పుస్తకములలో చదివినది కాదు, వీధిలో చూచినది.

ఈ ప్రశ్నకు ఇంగ్లాండు 1911లోనే ఒక సమాధానము చెప్పినది. జాతీయ బీమా చట్టముచేత కొన్ని పరిశ్రమలలోని కార్మికులకు పని పోయినప్పుడు వారమునకు ఏడు షిల్లింగుల చొప్పున సంవత్సరమునకు పదునైదు వారములవరకు చెల్లించు ఏర్పాటు చేసెను. మన దేశమునకు వచ్చి విచారించిన విట్లీ కమీషను మాత్రము 1931లో తన నివేదిక నిచ్చుచు ఇట్టి బీమా ఇచ్చట సాధ్యము కాదని తలచినది. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, 1948లో, ఉద్యోగుల రాష్ట్ర బీమా చట్టము పుట్టినది. అందు రోగమునకు, ప్రసవమునకు, పనిలో దెబ్బతగులుటకు రక్షణ దొరకెను గాని, పని పోవుటకు దొరకలేదు. ఆ లోటు కొంత తీరుటకు 57 సంవత్సరములు పట్టినది. 2005లో రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజనయు, 2018 జూలై 1 నుండి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ యోజనయు వచ్చినవి.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఎన్నికల వేళ నిరుద్యోగ భృతి యను మాట మనకు పలుమార్లు వినబడినది. 2018లో నెలకు 3,016 రూపాయలనియు, 2023లో 4,000 రూపాయలనియు తెలంగాణమున వాగ్దానములు జరిగినవి. అవి ప్రభుత్వపు దాతృత్వమునకు సంబంధించిన మాటలు. మేము చెప్పుచున్న భృతి అట్టిది కాదు. ఇది కార్మికుని వేతనమునుండి నెలనెలా కోసిన పైకముతోను, యజమాని చెల్లించిన పైకముతోను నిండిన బొక్కసమునుండి వచ్చునది. 2019 జూలై 1 నుండి కార్మికుని వంతు వేతనమున నూటికి ముప్పాతిక రూపాయి, యజమాని వంతు మూడుంబాతిక రూపాయలు. కోత కోసినప్పుడు ఒక్క నెలయైనను ఆలస్యము జరుగలేదు. ఇచ్చునప్పుడేల జరుగవలెను?

2018 నాటి ఏర్పాటును చూడుడు. పని పోయిన 90 దినములు గడచిన పిదప గాని భృతికి అర్హత లేదు. వచ్చునది సగటు దినవేతనములో నాలుగవ వంతు. అదియు జీవితకాలమున ఒక్కసారి, మొత్తము 90 దినములకు. దినమునకు 400 రూపాయల సగటు కూలి గలవానికి దినమునకు నూరు, వెరసి 9,000 రూపాయలు. ఇందుకై ఫారములు నింపి, స్టాంపు కాగితముపై ప్రమాణపత్రము వ్రాయించి, ఏ యజమాని తనను తొలగించెనో ఆ యజమాని చేతనే ధ్రువపరపించుకొని రావలెను. గెంటివేసినవాని గుమ్మము ముందు మరల నిలిచి దస్కతు యాచించుట ఎట్టిదో పాఠకులే యూహింపవచ్చును.

2020లో కరోనా మహమ్మారి దేశమును స్తంభింపజేసినప్పుడు ఈ నియమములు సడలినవి. నాలుగవ వంతు సగమైనది. 90 దినముల నిరీక్షణ 30 దినములకు తగ్గినది. యజమానితో ప్రమేయము లేకుండ కార్మికుడే నేరుగ శాఖా కార్యాలయమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చుననిరి. ఆ యేటి నవంబరులో ప్రమాణపత్రమును గూడ తీసివేసిరి. దరఖాస్తు అందిన 15 దినములలో పైకము బ్యాంకు ఖాతాలో చేరుననియు ప్రకటించిరి. దీనినిబట్టి మేము గ్రహించినది ఒక్కటే: వెనుకటి అడ్డంకులలో పెక్కు అవసరమైనవి కావు. అవసరమైనవే యైనచో ఒక్క యేట ఎట్లు తొలగిపోయినవి?

అయినను చిక్కులు తీరిపోలేదు. ఆధారు కార్డుపై ఇంటిపేరు పూర్తిగాను, బీమా పుస్తకమున పొడి అక్షరముగాను ఉన్న కారణమున ఆగిపోవు దరఖాస్తులు గలవు. యజమాని చందా చెల్లింపక ఎగవేసినచో ఆ దోషము కార్మికుని లెక్కలో లోటుగా కనబడును. అన్నింటికంటె పెద్ద చిక్కు, ఉత్పత్తి ఆగుట వేరు, చట్టప్రకారము కర్మాగారము మూతపడుట వేరు. గేటుకు తాళము పడినను కాగితముమీద కర్మాగారము బ్రతికియున్నంతకాలము అందులోని కార్మికుడు పనివాడును కాడు, నిరుద్యోగియు కాడు. త్రిశంకువునకు స్వర్గమైనను దక్కినది. వీనికి జీతమును లేదు, భృతియు లేదు.

ఇప్పుడు రెండవ కొసను పట్టుకొందము. భృతి వచ్చులోపల కార్మికుడు చేతులు ముడుచుకొని కూర్చుండడు. మిర్చి వచ్చు కాలమున ఏనుమాముల మార్కెట్టులో బస్తాలు మోయును. బంధువుని ఆటోను రాత్రిపూట నడుపును. కొత్తవాడలో మగ్గముపై జంపఖానా నేయుటకు సాయపడును. వారమున రెండు దినములు కూలి దొరకును, అయిదు దినములు దొరకదు. ఈ కూలిని కార్యాలయమునకు చెప్పవలెనా? చట్టము నడిగినచో చెప్పవలెను. మరియొక ఉద్యోగమున చేరిన దినముతో భృతి ఆగుననియే నియమము. వారమునకు రెండు దినముల కూలిని లెక్కించి, అంతమేరకు భృతిని తగ్గించి, మిగిలినది చెల్లించు మెట్టు ఆ పథకమున కట్టలేదు. అది ఎరిగినవి రెండే స్థితులు: పని యున్నది, పని లేదు. కాని పేదవాని బ్రతుకెల్ల ఆ రెంటి నడుమనే గడచును. నిజము చెప్పినచో ఉన్నదియు పోవునేమో యను భయముచే వాడు నోరు మూసుకొనును. అప్పుడు మనము వానిని మోసగాడందుము.

పరదేశముల అనుభవము మనకు రెండు విధములుగ బుద్ధి చెప్పుచున్నది. 1931లో ఇంగ్లాండు దేశమున ఆదాయ పరీక్ష యని ఒకటి వచ్చినది. తండ్రికి భృతి ఇచ్చుటకు ముందు కొడుకు కూలిని, కూతురి జీతమును, ఇంటి సామానును లెక్కించిరి. కొడుకు సంపాదించుటచే తండ్రి భృతి తగ్గుట వలన ఇండ్లు విరిగినవి. ప్రజల అసహ్యమునకు గురియై ఆ కుటుంబ పరీక్ష 1941లో రద్దయ్యెను. అమెరికాలో 1935 నాటి సామాజిక భద్రతా చట్టము పిమ్మట నెలకొన్న పద్ధతి వేరు. అచ్చటి రాష్ట్రములలో సామాన్యముగ భృతి పొందువాడు ప్రతి వారము, లేదా రెండు వారములకొకసారి, తాను చేసిన పనిని, దాని కూలిని తెలుపవలెను. కూలి చేతికందిన వారమున గాక, పని చేసిన వారమునకే దానిని చూపవలెను. కొంత సంపాదనను విడిచిపెట్టి మిగిలినదానిని భృతినుండి తగ్గింతురు. చిన్న కూలి చెప్పినంతమాత్రమున భృతి యంతయు పోదు గనుక నిజము చెప్పుటకు భయము తక్కువ. ఆ దేశమునను దోషములు లేకపోలేదు. 2020లో లక్షలమంది దరఖాస్తులు ఒక్కమారుగా వచ్చిపడగా నెలల తరబడి చెల్లింపులు ఆగినవి. తరువాత ఎక్కువ ఇచ్చితిమి, తిరిగి కట్టుడని పేదలకు తాఖీదులు పోయినవి. అయినను నిజమునకు మెట్టు కట్టిన పద్ధతి అనుకరింపదగినదే.

మన చట్టములలో అబద్ధమునకు వెల స్పష్టముగ వ్రాసియున్నారు. 1948 నాటి చట్టపు 84వ సెక్షను ప్రకారము భృతికై అసత్యము చెప్పినవానికి ఆరు నెలలవరకు ఖైదు, లేదా 2,000 రూపాయలవరకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చునని యుండెను. మంచిదే. మరి ఆలస్యమునకు వెల యెక్కడ? ఆలస్యమునకు వెల కట్టుట మన దేశమునకు తెలియని విద్య కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము పని కోరిన 15 దినములలో పని చూపనిచో, మొదటి 30 దినములకు కూలిలో నాలుగవ వంతుకును, ఆపై సగమునకును తగ్గకుండ భృతి ఇయ్యవలెనని శాసించెను. కూలి చెల్లింపు 15 దినములు దాటినచో పదునారవ దినమునుండి దినమునకు నూటికి అయిదు పైసల చొప్పున పరిహారమనియు నియమము చేసిరి. 2,000 రూపాయల కూలికి దినమునకు ఒక్క రూపాయి. స్వల్పమే, అమలు అంతకంటె స్వల్పము. అయినను సూత్రము గొప్పది: పేదవాని కాలమునకు విలువ గలదని ప్రభుత్వము ఒప్పుకొన్నది. గ్రామమున మట్టి తవ్వువానికి ఒప్పుకొన్న సూత్రమును పట్టణమున యంత్రము నడుపువానికేల నిరాకరింపవలెను?

భృతి యిచ్చినచో జనులు సోమరులగుదురని కొందరు పెద్దలందురు. జీవితమున ఒక్కసారి, మూడు నెలలు, కూలిలో పావు వంతో సగమో వచ్చు పైకమునకై యెవడు సోమరి కాగలడో ఆ పెద్దలే సెలవియ్యవలెను.

అట్లని కార్మిక సోదరులను దాచుడని మేము ప్రోత్సహింపము. ఆ బొక్కసము సర్కారుది కాదు, తోటి కార్మికులది. దాచిన ప్రతి రూపాయియు రేపు పని పోవు మరియొకనిది. అదిగాక, ఒక్కడు దాచి దొరికినచో నూరుగురి దరఖాస్తులను అనుమానించుటకు కార్యాలయమునకు సాకు దొరకును. కావున పని పోయిన దినమునుండియే ఒక చిన్న పుస్తకము పెట్టుకొనుడు. ఏ దినమున ఎవరివద్ద ఏమి పని చేసితిరో, కూలి యెంతయో, అది ఎప్పుడు చేతికందెనో వ్రాయుడు. జీతపు చీటీలను, తొలగింపు ఉత్తరమును భద్రపరచుడు. దరఖాస్తు పెట్టినప్పుడు రసీదు లేనిదే బల్ల విడువకుడు. నోటి మాటగా అడిగినదానికి నోటి మాటయే సమాధానము; వ్రాసి అడిగినదానికి వ్రాసి చెప్పవలసివచ్చును.

అధికారులను మేము కోరునది ఇది. 15 దినముల గడువును ప్రకటనగా గాక శాసనముగా చేయవలెను; గడువు దాటిన ప్రతి దినమునకు కార్మికుడు అడుగకయే పరిహారము చేరవలెను. దరఖాస్తులో లోపమున్నచో అన్నింటిని ఒక్కసారిగా, తెలుగులో తెలుపవలెను. వారమునకొక లోపము కనిపెట్టు అలవాటు మానవలెను. చిల్లర కూలిని నిజాయితీగా చెప్పినవానికి భృతి కొంత తగ్గవచ్చును గాని తెగిపోరాదు. కార్యాలయపు పొరపాటున ఎక్కువ చెల్లించినచో, ఆ భారమును తెలియక తినినవాని నెత్తిన రుద్దరాదు.

చదువరులకును ఒక కర్తవ్యము గలదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసినప్పుడు, అక్షరము పదుగురిదియు కావలెనను ఆశ ఈ నగరమున మొలకెత్తినది. నేడు మన పఠనాలయములకు వచ్చువారిలో విశ్రాంత గుమాస్తాలు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు గలరు. వారమునకొక సాయంకాలము ఒక బల్ల వేసి, పని పోయినవారి దరఖాస్తులు నింపి, వారి లెక్కలు సరిచూచి పంపుట వారికి భారము కాదు. కంప్యూటరుపై దరఖాస్తు పెట్టుట రానివానికి ఆ సాయము వేయి ఉపన్యాసములకంటె మేలు.

ప్రభుత్వము పేదవానిని సత్యము చెప్పుమని శాసించుచున్నది. ఆ శాసనమును మేము శిరసావహింతుము. కాని సత్యము చెప్పించుకొనువాడు సకాలమున చెల్లింపవలెను. ఆకలికి గడువు పొడిగించు అధికారము ఏ కార్యాలయమునకును లేదు.