ఊరు కొనుక్కున్న జట్టు

2021 నవంబరులో గ్రీన్ బే ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షేర్లు అమ్మకానికి పెట్టింది. ఒక్కోటి 300 డాలర్లు. డివిడెండ్ రాదు. బయటివాళ్లకు మళ్లీ అమ్ముకునే వీలు లేదు, ఇంట్లోవాళ్లకు రాసివ్వొచ్చు. జట్టు విలువ ఎన్ని రెట్లు పెరిగినా కొన్నవాడికి ఒరిగేదేమీ లేదు. అయినా మూడు నెలలు దాటేసరికి దాదాపు 1,98,000 షేర్లు అమ్ముడయ్యాయి. ఇవాళ ఆ జట్టుకు యజమానులు 5 లక్షల మందికి పైనే.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే జనాభా లక్షకు కాస్త ఎక్కువ. న్యూయార్క్, షికాగో, డాలస్ జట్లు ఆడే లీగ్‌లో ఇంత చిన్న ఊరు నూరేళ్లకు పైగా నిలిచింది. 13 సార్లు ఛాంపియన్‌గా నిలిచింది కూడా. ఇంకే జట్టుకూ అన్ని టైటిళ్లు లేవు.

1919 ఆగస్టులో కర్లీ లాంబో, స్థానిక పత్రికలో పనిచేసే జార్జ్ కాల్హౌన్ కలిసి ఈ జట్టు కట్టారు. లాంబో ఉద్యోగం చేస్తున్న మాంసం ప్యాకింగ్ కంపెనీ యూనిఫాంలకు 500 డాలర్లు ఇచ్చింది. 1921లో లీగ్‌లో చేరారు. అప్పట్లో కాంటన్, డులూత్, పాట్స్‌విల్ లాంటి చిన్న ఊళ్లకూ జట్లుండేవి. ఒక్కొక్కటే మూతపడ్డాయి, లేదా పెద్ద నగరాలు ఎగరేసుకుపోయాయి.

గ్రీన్ బే జట్టుకూ అప్పులు తప్పలేదు. 1923లో ఊరి పెద్దలు లాభాపేక్ష లేని సంస్థను ఏర్పాటు చేసి, 5 డాలర్ల చొప్పున వెయ్యి షేర్లు అమ్మారు. వాళ్లు రాసుకున్న నిబంధనల్లో ఒకటి అసలు ప్రాణం. జట్టును ఎప్పుడైనా అమ్మేస్తే, అప్పులు పోగా మిగిలే సొమ్ము స్థానిక మాజీ సైనికుల సంఘానికి చేరాలి, దానితో సైనికుల స్మారకం కట్టాలి. అంటే అమ్మకంతో ఎవరికీ లాభం లేదు. లాభం లేనప్పుడు అమ్మాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? 1997లో ఆ సొమ్ము ప్యాకర్స్ ధర్మసంస్థకు చెందేలా మార్చారు. అంతకుమించి దాని సారం మారలేదు.

1929 నుంచి వరసగా మూడేళ్లు ఛాంపియన్లు. ఆ వైభవం మధ్యలోనే, 1931లో ఒక ప్రేక్షకుడు గ్యాలరీ మీంచి పడి దావా వేశాడు. పరిహారం చెల్లించాల్సిన బీమా కంపెనీ దివాలా తీసింది, జట్టు కోర్టు నియమించిన రిసీవర్ చేతుల్లోకి వెళ్లింది. మహా మాంద్యం రోజులవి. ఊళ్లో జనం 15,000 డాలర్లు పోగుచేసి 1935లో దాన్ని బయటపడేశారు. 1950లో మళ్లీ గండం, మళ్లీ షేర్లు, ఈసారి ఒక్కోటి 25 డాలర్లు. రైట్స్‌టౌన్ దగ్గరి పల్లె నుంచి ఒకామె అగ్గిపెట్టె నిండా పావలా డాలరు నాణేలు తెచ్చి షేరు కొనుక్కుందని జట్టు చరిత్రలో చెబుతారు. అలా లక్షా 18 వేల డాలర్లు దాటాయి.

ఊరి అభిమానం ఒక్కటే చాలిందనుకుంటే మాత్రం పొరపాటు. 1961 దాకా ప్రతి జట్టూ టీవీ హక్కులను విడిగా అమ్ముకునేది, న్యూయార్క్ జట్టుకు పలికే ధరలో గ్రీన్ బేకు ఏపాటి వస్తుంది! లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ అందరినీ ఒప్పించి హక్కులన్నీ కలిపి అమ్మి, వచ్చింది సమంగా పంచే పద్ధతి తెచ్చాడు. అందుకు ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. న్యూయార్క్, షికాగో యజమానులు తమ ఆదాయంలో కోత పడుతుందని తెలిసీ సరేనన్నారు. షికాగో బేర్స్ అధినేత జార్జ్ హాలస్ అంతకు ముందే, 1956లో, గ్రీన్ బేలో కొత్త స్టేడియంకు ఓటెయ్యండని స్వయంగా వచ్చి ప్రచారం చేశాడు. మైదానంలో బద్ధ శత్రువే ఆయన. విన్స్ లొంబార్డి కోచ్‌గా ఏడేళ్లలో సాధించిన అయిదు ఛాంపియన్‌షిప్‌ల గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి. టీవీ సొమ్ము పంపకానికి అందులో సగం కీర్తయినా దక్కాలి.

ఈ యజమానులు నిజంగా పెత్తనం చేస్తారా అంటే, పెద్దగా లేదు. వార్షిక సమావేశానికి రావచ్చు, డైరెక్టర్ల ఎన్నికలో ఓటెయ్యొచ్చు. నిర్ణయాలన్నీ చిన్న కార్యవర్గానివే. పైగా 2000లో స్టేడియం విస్తరణకు కౌంటీ ప్రజలే ఓటేసి అర శాతం అమ్మకపు పన్ను నెత్తిన వేసుకున్నారు. కానీ వాళ్లు పన్ను కట్టిన జట్టు ఊళ్లోనే ఉంది.

బాల్టిమోర్‌కు ఆ భాగ్యం దక్కలేదు. 1984 మార్చిలో ఒక మంచు రాత్రి ఆ ఊరి జట్టు కోల్ట్స్ సామానంతా లారీలకెక్కి ఇండియానాపొలిస్ చేరింది. 1996లో క్లీవ్‌లాండ్ జట్టును బాల్టిమోర్ తెచ్చుకుంది. ఓక్లాండ్ తన రైడర్స్‌ను రెండుసార్లు పోగొట్టుకుంది: 1982లో లాస్ ఏంజెలెస్‌కు, 2020లో లాస్ వేగస్‌కు.

ఇప్పుడు ఇంకో ఊరు గ్రీన్ బే దారి పట్టాలన్నా లీగ్ నిబంధనలు ఒప్పుకోవు. పాతకాలం నుంచి ఉన్న ప్యాకర్స్‌కు ఒక్కదానికే మినహాయింపు. అదే లీగ్ 2024 ఆగస్టులో ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లు జట్లలో 10 శాతం దాకా వాటా కొనుక్కోవచ్చని తలుపు తీసింది. ఫండ్లకు ఇచ్చిన వీలు అభిమానులకు ఎందుకివ్వరు? కనీసం యజమాని జట్టును తరలిస్తానన్న రోజున, దాన్ని మొదట కొనే హక్కు ఆ ఊరివాళ్లకు ఉండాలి.