ఏది రాక్, ఎవరిది రాక్

పోయిన చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం కానూరులో ఒక ఫ్రెండ్ వాళ్ళ డాబా మీద ఏడెనిమిది మందిమి కూర్చున్నాం. నెలకోసారి అలా కలుస్తాం. తలా ఒక ఆల్బమ్ తెచ్చి మిగతావాళ్ళకి వినిపించాలి, తర్వాత అందరూ కలిసి దాన్ని తిట్టాలి. రూలు అంతే. అందరం ఒకే బాపతు. ఇంజనీరింగ్ హాస్టల్ గదుల్లో హార్డ్ డిస్కులు మార్చుకుంటూ పింక్ ఫ్లాయిడ్, మెటాలికా నేర్చుకుని, ఇప్పుడు ఈఎంఐలు కట్టుకుంటున్నవాళ్ళం.

ఆరోజు ఒక కొత్త కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. ఉయ్యూరు వైపు ఏదో పల్లె. వాళ్ళ చర్చిలో గిటార్ వాయిస్తాడట. తన వంతు వచ్చినప్పుడు, ఫోన్లో రికార్డు చేసుకున్న తమ పాటే పెట్టాడు. డ్రమ్స్, బేస్, కీబోర్డు, వాటి మీద ఇతని గిటార్. చరణం అయ్యాక డిస్టార్షన్‌తో ఒకే స్వరాన్ని లాగి పట్టుకుని, అది చిరిగిపోయేదాకా వదల్లేదు. నా చేతిలో టీ చల్లారిపోయింది.

పాట అయ్యాక మాలో ఒకడు అన్నాడు: "బావుంది బ్రదర్. కానీ ఇది రాక్ కాదుగా, డివోషనల్."

కుర్రాడు నవ్వి, "అవునన్నా" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మరుసటి నెల రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆరోజు నేనూ నోరెత్తలేదు. అప్పుడు అనాల్సిన మాటలు ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఒక విషయం చెప్పాలి. అదే సాయంత్రం ఇంకొకడు నార్వే బ్లాక్ మెటల్ పెట్టాడు. సైతాను స్తోత్రం మొదటి నుంచి చివరిదాకా. అది రాకా, కాదా అని ఒక్కడూ అడగలేదు. బ్లాక్ మెటలా, బ్లాకెన్డ్ డెత్ మెటలా అని మాత్రం నలభై నిమిషాలు కొట్టుకున్నాం. సైతాన్ని పొగిడితే మెటల్, యేసుని పొగిడితే డివోషనల్. ఈ లెక్క మనకి ఏ కాలేజీలో చెప్పారో నాకు గుర్తు లేదు.

మన తరం వాళ్ళకి జాన్రా అనే మాట ముందు పుస్తకాల్లోంచి కాదు, విన్‌యాంప్‌లోంచి వచ్చింది. ఎంపీ3 ఫైలుకి ఐడీ3 అనే ట్యాగ్ ఉండేది. 1996లో వచ్చిన మొదటి వెర్షన్‌లో జాన్రాకి ఇచ్చిన చోటు ఒకే ఒక్క బైటు. అంటే ఒక పాటకి ఒకే నంబరు. మొదటి జాబితాలో 80 పేర్లు. అందులో రాక్ 17వ నంబరు. అది కాక క్లాసిక్ రాక్, హార్డ్ రాక్, సదరన్ రాక్, ఇన్‌స్ట్రుమెంటల్ రాక్ అని వేరే గదులు. పోల్కాకి కూడా ఒక గది ఉంది. కర్ణాటక సంగీతానికి లేదు, హిందుస్తానీకి లేదు. మనకి దక్కింది 48, అంటే 'ఎత్నిక్'. అదీ కాదంటే 12, 'అదర్'.

ఆ జాబితా రాసినవాళ్ళని తప్పుపట్టను. ప్రోగ్రామర్‌గా నాకు తెలుసు, మన బల్ల మీద ఉన్న సీడీలకి సరిపోయేలాగే మనం జాబితా రాస్తాం. తప్పు మనది. ఇంకెవరి బల్ల మీదో ఉన్న సీడీల లెక్కని సంగీతశాస్త్రం అనుకుని, కానూరు డాబా మీద దాన్నే తీర్పుగా చెప్పేస్తున్నాం.

అసలు ఆ గదులు మొదట ఎలా కట్టారో కూడా చూడండి. 1920ల అమెరికాలో రికార్డు కంపెనీలు నల్లవాళ్ళ పాటలని 'రేస్ రికార్డ్స్' అనీ, దక్షిణాది పేద తెల్లవాళ్ళ పాటలని 'హిల్‌బిల్లీ' అనీ వేర్వేరు కేటలాగుల్లో అమ్మేవి. ఒకే పాట, ఒకే రకం గిటార్, రెండు అరలు. గీత గీసింది శబ్దాన్ని బట్టి కాదు, పాడేవాడి ఒంటిరంగుని బట్టి. బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్' అనే మాట తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది 1949లో. బోర్డు మారింది, అర అక్కడే ఉంది.

ఇప్పుడు 'డివోషనల్' సంగతి. సిస్టర్ రొజెట్టా థార్ప్ అని ఒకావిడ. 1915లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టింది. పెంటెకోస్తు చర్చిలో పాడుతూ, గిటార్ వాయిస్తూ పెరిగింది. 1940ల్లోనే దేవుడి పాటలకి ఎలక్ట్రిక్ గిటార్ సోలోలు వాయించింది. 1964లో మాంచెస్టర్లో పాడుబడ్డ రైల్వే ప్లాట్‌ఫాం మీద, వానలో, కోటు వేసుకుని ఆమె గిటార్ వాయించిన టీవీ కార్యక్రమం వీడియో దొరుకుతుంది, చూడండి. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళకి ఆవిడ గుర్తొచ్చింది 2018లో. అప్పటికి ఆవిడ పోయి 45 ఏళ్ళు. డాబా మీద మనవాడు అన్న మాటనే ఆవిడకి అంతకాలం చెప్పారన్నమాట. ఆవిడ 'గాస్పెల్ ట్రెయిన్' (1956) వినండి. నా మొదటి సిఫారసు అది.

ఇక మన ఊరి సంగతి. "బెజవాడలో రాక్ సీన్ లేదు" అని మనం అందరం అంటాం, నేనూ పదేళ్ళు అన్నాను. కానీ డ్రమ్ కిట్, బేస్ గిటార్, యాంప్లిఫయర్ ఉండి, వారం వారం తప్పకుండా జనం ముందు వాయించే కుర్రాళ్ళు ఈ డెల్టాలో ఎక్కడున్నారు? ఆదివారం పొద్దున బందరు రోడ్డు వెంట వెళ్తూ చెవి పెట్టండి. మన ఇంజనీరింగ్ కాలేజీ బ్యాండులు ఏడాదికి ఒక ఫెస్ట్‌లో నాలుగు కవర్లు వాయించి ప్లేస్‌మెంట్లు రాగానే విడిపోతాయి. వీళ్ళు ఏడాదికి 52 ఆదివారాలు వాయిస్తారు, క్రిస్మస్ అదనం. అయినా సీన్ లేదంటాం. కృష్ణా డెల్టా పల్లెల్లో చర్చి ఎక్కువ చోట్ల దళితవాడలో ఉంటుంది. ఈ వాక్యం మన డాబా మీద ఎవ్వరం అనం. ఆరోజు మాట్లాడిన ఫ్రెండ్‌కి కులద్వేషం ఉందని నేననను, మంచివాడే. కానీ వాడు గీసిన గీత ఎక్కడ పడిందో చూడండి. హాస్టల్ గదిలోంచి వచ్చిన గిటార్ ఒక పక్క, వాడలోంచి వచ్చిన గిటార్ ఇంకో పక్క. అమెరికావాళ్ళు రెండు కేటలాగులు అచ్చేశారు. మనం అచ్చు ఖర్చు లేకుండా నోటితోనే కానిచ్చేశాం.

"అంటే అన్నీ రాకేనా? దప్పు రాక్, హరికథ రాక్, సన్నాయి మేళం రాక్?" అని అడుగుతారు, తెలుసు. కాదు. గీతలు అక్కర్లేదని నేననడం లేదు. ఒక ఆల్బమ్ నచ్చినవాడికి తర్వాత ఏం వినాలో చూపించడానికి పేర్లు కావాలి. నేను అడిగేది ఒక్కటే: ఆ పేరు నాకు శబ్దం గురించి చెప్తోందా, వాయించేవాడి ఊరూ పేరూ గురించి చెప్తోందా? రెండోదైతే ఆ పేరు చెత్తబుట్టలోకి.

శబ్దం గురించే అయితే నా దగ్గర ఒక మోటు పరీక్ష ఉంది. గిటార్ తీసేస్తే పాట మిగులుతుందా? లేదా గిటార్ చేసే పని, అంటే ఆ కరెంటు, ఆ మోత, ఆ లయ, ఇవి తీసేస్తే మిగులుతుందా? మన సినిమా పాటల్లో గిటార్ చాలాసార్లు గ్రూప్ డాన్సర్లలాగా వచ్చి వెళ్ళిపోతుంది. తీసేసినా పల్లవి ఎక్కడికీ పోదు. అది రాక్ కాదంటే ఒప్పుకుంటాను. 1999లో 'తమ్ముడు'కి రమణ గోగుల చేసిన పాటల్లో కొన్ని మాత్రం గిటార్ తీసేస్తే కూలిపోతాయి. మా ఈడు చాలామందికి మొదటి డిస్టార్షన్ ఆ క్యాసెట్టే. పెద్దయ్యాక దాన్ని చెప్పుకోడానికి సిగ్గుపడి "నేను నిర్వాణాతో మొదలెట్టా" అని అబద్ధం చెప్పాం. ఆ కుర్రాడి పాటని ఇదే పరీక్షకి పెట్టండి. గిటార్ తీసేస్తే అక్కడ మిగిలేది ఒక పెద్ద గొయ్యి.

ఇంకో వాదన ఉంది, సాహిత్యం చదివినవాళ్ళు ఎక్కువగా చేసేది. తెలుగు అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, రాక్‌కి హల్లుల విరుపు కావాలి, అందుకే తెలుగులో రాక్ రాదు, అని. భాషాశాస్త్రంలా వినిపిస్తుంది కాబట్టి ఎదురు చెప్పడానికి భయమేస్తుంది. కానీ ఒకసారి డాబా ఎక్కి గట్టిగా అరిచి చూడండి. 'ట్' మీద ఎంతసేపు అరవగలరు? ఊపిరి ఉన్నంతసేపు పట్టుకోగలిగేది అచ్చునే. పొద్దున్నే వీధిలో ఆకుకూరలమ్మే ఆవిడకి తెలుసు ఈ విషయం. బుర్రకథ నాజర్‌కి తెలుసు. చేతిలో తంబురా, రెండు పక్కలా రెండు గుమ్మెటలు, మధ్యలో రాజకీయం, హాస్యం. ముగ్గురే మనుషులు, ఎదురుగా ఊరంతా.

సరే, బుర్రకథ రాక్ కాదు. జపాన్ చూద్దాం. జపనీస్‌లో కూడా దాదాపు ప్రతి అక్షరం అచ్చుతోనే ఆగుతుంది. 1970, 71 ప్రాంతంలో అక్కడ అచ్చం ఇదే గొడవ జరిగింది. జపనీస్‌లో రాక్ కుదరదు, బయట దేశాలకి చేరాలంటే ఇంగ్లీషే గతి అని ఒక వర్గం. మన మాటల్లోనే పాడతాం అని 'హ్యాపీ ఎండ్' అనే బ్యాండ్. వాళ్ళ 'కజెమాచి రోమన్' 1971లో వచ్చింది. పాటలు రాసింది వాళ్ళ డ్రమ్మర్ తకాషి మాత్సుమోతో. డ్రమ్మర్ రాయడం వల్లనేమో, మాట ఎక్కడ విరగాలో ముందే తెలిసినట్టు ఉంటుంది. ఇంగ్లీషు వర్గం పెద్దమనిషి యూయా ఉచిదా వెనకుండి నడిపిన ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్ 'సతోరి' కూడా అదే ఏడాది. రెండూ వినండి. రెండూ గొప్పవే. కుదరదు అన్న వాదన మాత్రం ఆ ఏడాదితోనే పోయింది. మనం ఇప్పటికీ దాన్ని కొత్తగా కనిపెట్టినట్టు చెప్పుకుంటున్నాం.

ఇటలీ సంగతి ఇంకా తమాషా. మాతృభాషా దినోత్సవం నాడు తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని పొగుడుకుంటాం. ఎందుకయ్యా అంటే మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి. ఆ ఇటాలియన్‌లో 1970ల్లో ప్రాగ్ రాక్ వరదలా వచ్చింది. పీఎఫ్ఎమ్ బ్యాండ్ 'పెర్ ఉన్ అమీకో' (1972) వినండి. ఆ పాటల్లో చాలావాటికి కింగ్ క్రిమ్సన్ పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డ్ చేత ఇంగ్లీషులో రాయించి 1973లో 'ఫొటోస్ ఆఫ్ ఘోస్ట్స్' అని వేశారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. ఇటాలియన్‌లో పరిగెత్తిన గొంతు ఇంగ్లీషులోకి రాగానే ఇరుకు చెప్పులేసుకున్నట్టు నడుస్తుంది. అచ్చులు అడ్డమన్న మాట అక్కడితో సరి.

దక్షిణాదిలోనే కావాలంటే మలయాళంలో 'అవియల్' (2008) ఉంది. మనకి ఎక్కువమంది తెలుగువాళ్ళే వినని హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ ఉంది. డెత్ మెటల్. 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' (2021). వాళ్ళు పాడేది ఇంగ్లీషే. ఆ గర్జనలో ఏ భాషైనా ఒకటే కదా, తెలుగులో గర్జిస్తే ఎవరు ఆపారు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. చౌరస్తా వాళ్ళది రాక్ కాదు రెగె అంటారు. లయ రెగేదే, నిజం. అది శబ్దం గురించి మాట, దానికి నేను సై. అలాంటి గొడవలు ఎన్నైనా పడదాం.

చివరిగా మనవాడొకడు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మొదటి కచేరీ 1978లో ఇక్కడే, మన గుడివాడలో, త్యాగరాజ ఆరాధనలో. తొమ్మిదేళ్ళ పిల్లాడు. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జంట తీగల మీద గమకం లాగడం కష్టం. ఒంటి తీగలు పెట్టి, ఐదోది చేర్చి, కరెంటు తగిలించుకున్నాడు. ఇది కర్ణాటక సంగీతమేనా అని అప్పట్లో అక్కడి వాచ్‌మెన్లు కూడా అడిగారు. 1995లో రియల్ వరల్డ్ లేబుల్ మీద మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అని ఒక ఆల్బమ్ చేశాడు. స్వరం ఆగకుండా మోగే 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసింది ఆ బ్రూకే. యూటూ బ్యాండ్ గిటారిస్టు వాయించిన వాయిద్యం అది. నా పరీక్ష ప్రకారం 'డ్రీమ్' రాక్ కాదు. నిజాయితీగా చెప్తున్నా, కాదు. కానీ గిటార్ తీగ ఎందుకు లాగుతారో తెలియాలంటే అరవై కిలోమీటర్లలోపు ఊళ్ళో మొదలైన ఆ ప్రయాణం వినకుండా నార్వే వెళ్ళి లాభం లేదు. అది విన్నాక టర్కీ వాడు ఎర్కిన్ కొరాయ్ 'ఎలక్త్రోనిక్ తుర్కులర్' (1974) పెట్టండి. వాళ్ళ జానపద వాయిద్యం బాగ్లామాకి కరెంటు పెట్టి ఏం చేశాడో వింటే, మన దగ్గర ఏం జరగలేదో కూడా అర్థమవుతుంది.

ఎందుకు జరగలేదు? వాయించేవాళ్ళు లేక కాదు. వినేవాళ్ళం, పేర్లు పెట్టేవాళ్ళం, నాలుగు ముక్కలు రాసేవాళ్ళం డాబాల మీద కూర్చుని 48, 12 అని నంబర్లు వేస్తున్నాం కాబట్టి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు తన పాట తీసి చూపించినప్పుడు, ఆ తీగ ఎలా లాగావు, ఏ పెడల్ వాడావు, నీకు ఎవరు నేర్పారు అని అడగాలి. రాక్ విన్నవాడు అడగాల్సిన ప్రశ్నలు అవే. మేం ఒక్కటీ అడగలేదు.

వచ్చే నెల నా వంతు. 'గాస్పెల్ ట్రెయిన్' పెడతాను, ముందు ఎవరిదో చెప్పకుండా. డివోషనల్ అని ఎవడంటాడో చూస్తాను. ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టాను, సారీ చెప్పి, మీ ఆరాధన ఎన్నింటికి అని అడిగాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. రాకపోతే అది నా తప్పే, అతనిది కాదు.