గోరంత సందేహం

అనుమానం పెనుభూతమని సామెత. ఆలుమగల మధ్యనో, స్నేహితుల మధ్యనో అది నిజం కావచ్చు. పని నేర్చుకుంటున్న చేతికి కలిగే అనుమానాన్ని మాత్రం ఆ లెక్కలో వేయకూడదు. నెయిల్ స్టూడియోలో కొత్తగా చేరిన అమ్మాయి ఎదుట, అంతకుముందెన్నడూ చూడని క్లయింటు వచ్చి కూర్చుంటుంది. ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "అచ్చం ఇలాగే కావాలి" అంటుంది. ఫొటోలోవి పొడుగాటి వేళ్లు, ఎదురుగా ఉన్నవి పొట్టివి. ఆ గోరు పలచనో మందమో తెలియదు. దాని మీద అంతకుముందు ఎవరు ఏం వేశారో, ఎలా తీశారో తెలియదు. ఫైలు పట్టుకున్న చేతికి చెమట పడుతుంది. 'నా వల్ల అవుతుందా?' అనిపిస్తుంది. దానికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: ధైర్యంగా ఉండు, నవ్వుతూ మాట్లాడు, భయపడుతున్నట్టు కనబడనీయకు. ఈ సలహా తప్పని నా అభిప్రాయం. దాచిపెడితే సందేహం పోదు. క్లయింటును అడిగే ప్రశ్నగా, చేసే పనిలో ఒక మెట్టుగా మార్చుకుంటేనే పోతుంది.

అసలీ సందేహం అంత బలంగా ఎందుకు పట్టుకుంటుందో చూడాలి. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు పండకపోతే ఆకు ముదరలేదంటాం, ఒంటి తత్వమంటాం. రుబ్బిన మనిషిని ఎవరూ నిలదీయరు. అదే జెల్ పాలిష్ నాలుగో రోజున అంచు లేస్తే వేసిన చేతినే అంటారు. పోనీ ఆ చేతికి పని వచ్చునని ఎవరైనా ముద్ర వేశారా అంటే, మన దగ్గర అలాంటి ముద్ర తప్పనిసరి కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో గోళ్ల పని చేయాలంటే 400 గంటల శిక్షణ పొంది, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకోవాలి. ఇక్కడ కోర్సులున్నాయి, బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ లాంటి సంస్థలూ ఉన్నాయి. కానీ వారం రోజుల క్లాసుకు వెళ్లి, జెల్‌ను గట్టిపరిచే ల్యాంపు ఒకటి కొనుక్కుని బల్ల వేసుకున్నా అడిగేవారు లేరు. నీకు పని వచ్చునని బయటివాళ్లెవరూ తేల్చి చెప్పని చోట, వచ్చే ప్రతి కొత్త క్లయింటూ పరీక్ష పెట్టే మనిషిలాగే కనిపిస్తుంది. కాబట్టి ఈ బెదురులో సగం ఆ అమ్మాయి మనసులోది కాదు, మన ఏర్పాట్లలోని లోటు.

మిగతా సగం కూడా చెడ్డదేమీ కాదు. 1999లో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి పరీక్షలు పెట్టి, ఎవరెలా చేశామనుకుంటున్నారో అడిగారు. అట్టడుగున నిలిచినవాళ్లు నిజానికి నూటికి 12 మంది కన్నా మాత్రమే మెరుగు. తాము మాత్రం 62 మంది కన్నా మెరుగని అనుకున్నారు. బాగా చేసినవాళ్లేమో తమను తాము కొంత తక్కువగా అంచనా వేసుకున్నారు. దీన్నిబట్టి సందేహపడేవాళ్లంతా నిపుణులని కాదు. సందేహం లేకపోవడం నైపుణ్యానికి రుజువు కాదని మాత్రం తేలుతుంది. చెయ్యి వణకని టెక్నీషియన్ కన్నా, ఎక్కడ ఆగాలో తెలిసిన టెక్నీషియన్ నయం.

గోళ్ల పనిలో ఈ మాటకు గట్టి ఆధారమే ఉంది. జెల్ పాలిష్, ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఆక్రిలేట్ జాతి రసాయనాలు. ల్యాంపు కింద పూర్తిగా గట్టిపడ్డాక వాటితో పెద్ద ఇబ్బంది లేదు. గట్టిపడకముందు చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు, వస్తే అది సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. పళ్లకు వేసే ఫిల్లింగులు, కీళ్ల ఆపరేషన్లలో వాడే సిమెంటు కూడా ఈ జాతివే కనుక ఆ ముప్పు గోటి దగ్గర ఆగిపోదు. 2018లో బ్రిటన్ చర్మవైద్యుల సంఘం ఈ సంగతి మీద హెచ్చరిక జారీ చేసింది. అలర్జీ అనుమానంతో వచ్చి పరీక్ష చేయించుకున్నవారిలో 2.4 శాతం మందికి ఈ రసాయనాలు పడటం లేదని తేలింది. ఐరోపా సమాఖ్య 2021 నుంచి హేమా అనే రసాయనం ఉన్న గోళ్ల సరుకును వృత్తి నిపుణులే వాడాలని నియమం పెట్టింది, 2025 సెప్టెంబరు 1 నుంచి టీపీఓ అనే మరో పదార్థాన్ని నిషేధించింది. జెల్ చర్మం మీదికి పాకిందా, ఈ జెల్‌కు ఈ ల్యాంపు సరిపోతుందా అని అనుమానించే అమ్మాయి క్లయింటునూ కాపాడుతుంది, రోజంతా ఆ రసాయనాల మధ్య కూర్చునే తననూ కాపాడుకుంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చేది ధీమాయే.

అయితే సందేహంతోనే కూర్చుంటే పని జరగదు కదా అని అడగవచ్చు. నిజమే. 1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనిషికి తన సామర్థ్యం మీద నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేయగా చూడటం, ఇతరులు ధైర్యం చెప్పడం, తన ఒంట్లోని బెదురును తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనది, ఒట్టి మాటల ధైర్యం బలహీనమైనది. మనం మాత్రం పని నేర్చుకునే పిల్లలకు ఆ బలహీనమైనదాన్నే ధారాళంగా పంచిపెడతాం. చేసి నెగ్గాలంటే పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టుకోవాలి. వేలి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి కొస దాకా రావడానికి ఆరు నెలలు పడుతుంది. అంటే కొత్త క్లయింటు గోటి కొసలో ఆరు నెలల చరిత్ర రాసి ఉంటుంది. మనిషి కొత్తే కానీ గోరు కొత్తది కాదు, చదవడం తెలియాలంతే. పొరలుగా లేచి ఉంటే పాత జెల్‌ను నానబెట్టకుండా పీకేశారేమో. పచ్చబారితే సందుల్లో తడి చేరి బ్యాక్టీరియా పట్టి ఉండవచ్చు, అప్పుడు రంగు వేయకుండా చర్మ డాక్టరు దగ్గరికి పంపాలి. ఇంతకుముందు ఏదైనా పడలేదా, షుగర్ ఉందా, రోజంతా నీళ్లలో పనా, కీబోర్డు మీద పనా అని అడగాలి. జవాబులు ఒక కార్డు మీద రాసి, ముందూ తర్వాతా ఫొటో తీసిపెట్టుకుంటే, మూడు వారాలకు ఆమె తిరిగొచ్చినప్పుడు ఏ వేలికి ఎందుకు లేచిందో తెలుస్తుంది. ఇరవై కార్డులయ్యేసరికి 'నా వల్ల అవుతుందా' అన్న ప్రశ్నకు జవాబు మనసులో వెతుక్కోనక్కర లేదు, సొరుగులో ఉంటుంది.

ఈ వృత్తి చరిత్రలోనే ఇందుకు సాక్ష్యముంది. 1975లో సైగాన్ పతనమయ్యాక కాలిఫోర్నియాలోని శాక్రమెంటో దగ్గర హోప్ విలేజ్ అనే శిబిరానికి వియత్నాం శరణార్థులు చేరారు. వాళ్లకు సాయం చేస్తున్న హాలీవుడ్ నటి టిప్పీ హెడ్రెన్ గోళ్లను అక్కడి ఆడవాళ్లు ముచ్చటపడి చూడటంతో, ఆమె తనకు మానిక్యూర్ చేసే మనిషిని రప్పించి పని చూపించింది, దగ్గరలోని బ్యూటీ స్కూల్లో శిక్షణ ఏర్పాటు చేయించింది. మొదటి బృందం ఇరవై మంది. దేశం కొత్త, భాష సరిగా రాదు, ఎదుట కూర్చునే ప్రతి క్లయింటూ అపరిచితురాలే. వాళ్లకు కలిసొచ్చింది ఒకటి తర్వాత ఒకటిగా అందిన ఏర్పాటు: చేసి చూపించిన చెయ్యి, సాధన, లైసెన్సు, ఆ తర్వాత ఉద్యోగం. ఇవాళ అమెరికా నెయిల్ టెక్నీషియన్లలో దాదాపు సగం మంది వియత్నాం మూలాలవారే. ఇరవై మంది ధైర్యవంతులు దొరకబట్టి ఇదంతా జరిగిందనుకోవడం తేలిక. ధైర్యం చిక్కేలా ఏర్పాటు చేశారన్నది అంతకన్నా నిజం.

దీనికి స్టూడియో యజమానుల నుంచి రెండు అభ్యంతరాలు వస్తాయి. ఇన్ని ప్రశ్నలడిగితే పిల్లకు పని రాదని క్లయింటు అనుకుంటుందన్నది మొదటిది. డాక్టరు ఏమీ అడగకుండా మందు రాసిస్తే మనం మెచ్చుకుంటామా? దర్జీ కొలత తీసుకోకుండా జాకెట్టు కుడతానంటే గుడ్డ ఇస్తామా? అడిగే తీరు తెలియాలి, అంతే. 'నాకు రాదేమో' అనడం వేరు, 'మీ గోరు పలచగా ఉంది, ఈ పొడవు నిలవదు, ఇంత వరకైతే నిలుస్తుంది' అనడం వేరు. టైము లేదన్నది రెండోది. ఇది నిజమైన అభ్యంతరమే. గంటకో బుకింగు, ఇంటికొచ్చి చేసే యాప్ పనిలో ఐదు చుక్కల రేటింగు, చుక్క తగ్గితే పని తగ్గుతుందన్న భయం. చాలీచాలని సంపాదనకు ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు. 2021లో గురుగ్రామ్‌లో యాప్ ద్వారా పనిచేసే బ్యూటీషియన్లు ధర్నాకు దిగినప్పుడు కమీషన్లతోపాటు రేటింగుల గోడు కూడా వినిపించారు. ఇలాంటి చోట సందేహాన్ని జయించమని ఆ ఒక్క అమ్మాయికే చెప్పడం న్యాయం కాదు. మొదటిసారి వచ్చిన క్లయింటుకు పావుగంట అదనంగా కేటాయించడం, లేచిన గోరును జీతం కోయకుండా సరిచేయనివ్వడం యజమాని చేయవలసిన పనులు.

ఇంకొక మాట ఎవరూ పైకి అనరు. పెళ్లిలో కాళ్ల గోళ్లు తీసే తంతును నాయీబ్రాహ్మణులకు అప్పజెప్పి, ఆ పనినీ చేసే మనిషినీ చిన్నచూపు చూసిన సమాజం మనది. ఇవాళ ఆ పనికి ఇంగ్లిష్ పేరొచ్చింది, గాజు తలుపొచ్చింది, బిల్లు వేలల్లోకి వెళ్లింది. చూపు మాత్రం పూర్తిగా మారలేదు. చిన్న ఊరి నుంచి వచ్చి, తెలుగు యాసతో మాట్లాడే అమ్మాయి, ఇంగ్లిష్‌లో ఆజ్ఞలు వేసే క్లయింటు ముందు తడబడితే అది నైపుణ్యానికి సంబంధించిన సందేహం కాదు. ఎదుటివాళ్లు తనను ఎంత మనిషిగా చూస్తున్నారన్న సందేహం. దాన్ని ఏ కార్డూ, ఏ సాధనా తీర్చలేవు. అది తీర్చవలసింది కుర్చీలో కూర్చున్నవాళ్లు.

అందుకే ఈ వారం విన్నపం ఆ టెక్నీషియన్లకు కాదు, వాళ్ల ముందు చెయ్యి చాపే మనకు. రంగు డబ్బా తెరవకముందు ఆ అమ్మాయి మీ చేతిని వెలుతురులోకి తిప్పి చూసి, నాలుగు ప్రశ్నలడిగితే విసుక్కోకండి. ఫొటోలోలాగా రాదని చెబితే పని రాదనుకోకండి. ఆ ప్రశ్నలకు పట్టేది ఐదు నిమిషాలు. పాడైన గోరు పోయి కొత్త గోరు రావడానికి ఆరు నెలలు.