పాత ఫియట్టుకి కొత్త రేకు

తెర మీద పాతకాలం కారు మలుపు తిరిగి వచ్చిందంటే చాలు, హాల్లో ఈలలు పడతాయి. కారు అద్దంలా మెరుస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, హీరో బూటు నేల మీద పడుతుంది. మనం హీరోని చూస్తాం. ఈ వారం మాత్రం చూపు కాస్త కిందికి దించండి. ఆ తలుపు అంచున, చక్రం పక్కన, రంగు బుడగలెత్తే చోటికి. "సినిమా పత్రికలో తుప్పు గొడవేమిటయ్యా?" అని విసుక్కోకండి. ఇందులోనూ ఒక షాట్ ఉంది, ఒక పేచీ ఉంది, చివర్లో వాన కూడా ఉంది!

అన్నట్టు, 1958లో మన దేశంలో పాత కార్లే ముఖ్యపాత్రలుగా రెండు సినిమాలొచ్చాయి. ఒకటి 'చల్తీ కా నామ్ గాడీ', కిశోర్ కుమార్ అన్నదమ్ములు ముగ్గురూ కలిసి నవ్వించిన సినిమా. రెండోది బెంగాలీలో ఋత్విక్ ఘటక్ తీసిన 'అజాంత్రిక్'. అందులో బిమల్ అనే డ్రైవరు తన డొక్కు షెవర్లే కారుకి జగద్దల్ అని పేరు పెట్టుకుని దానితో మాట్లాడుతుంటాడు. చివరికి ఆ కారు పాత ఇనుము కింద పోతుంది. చూడనివాళ్లుంటే చూడండి. పాత కారున్న ఇంట్లో మనుషుల అవస్థ ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

అలాంటి అవస్థే కాకినాడలో మా మిత్రుడిది. వాళ్ల నాన్నగారు కొన్న 1968 నాటి ఫియట్ 1100 పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. తర్వాతి రోజుల్లో ప్రీమియర్ పద్మిని అనిపించుకున్న బండి ఇదే. బొంబాయి కుర్లాలో తయారయ్యేది. తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. 2023 అక్టోబరులో ముంబయి వీధుల్లోని ఆఖరి పద్మినీ టాక్సీ కూడా సెలవు పుచ్చుకుంది. ఇక స్పేరు రేకులు ఎక్కడ దొరుకుతాయి చెప్పండి? పాత ఇనుము కొట్టువాడు రెండుసార్లొచ్చి కాటా లెక్కన బేరమాడి వెళ్లాడు. ఆయన పోయాక నాన్నగారి గుర్తుగా ఇంట్లో మిగిలిన పెద్ద వస్తువు ఆ కారే. అమ్మబుద్ధి కాదు, ఉంచుకుందామంటే సముద్రపు గాలి ఉంచనివ్వదు.

ఆ సమయంలో ఒక సినిమా కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. 1970ల నాటి కథట. నలభై రోజుల్లో కారు కావాలట. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "గురువుగారూ, కెమెరా చూసేది ఎడం పక్కే. అటు వైపు పుట్టీ పెట్టి రంగు కొట్టించండి చాలు. తెర మీద కొత్త పెళ్లికూతురులా ఉంటుంది" అన్నాడు. మా మిత్రుడి ముఖం వెలిగింది. డబ్బు ఎవరికి చేదు?

టింకరింగ్ మేస్త్రిని పిలిచాం. అరవై దాటిన మనిషి. వస్తూనే జేబులోంచి అయస్కాంతం తీసి తలుపు కిందుగా రాశాడు. అది అతుక్కోకుండా జారిపోయింది. "ఇక్కడ రేకు లేదండి, అంతా పుట్టీయే. ఇదివరకెవరో మేకప్పేశారు" అన్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు తీసి తలుపు కింద, చక్రానికీ చక్రానికీ మధ్య పొడుగ్గా ఉండే డొల్ల పెట్టెను పొడిచాడు. కసుక్కున దిగిపోయింది. అక్కడే జాకీ పెట్టి లేపబోతే కారు లేవలేదు సరికదా, జాకీయే అప్పడాన్ని నలిపినట్టు రేకులోకి దూరిపోయింది.

లారీకైతే కింద ఛాసిస్, పైన బాడీ అని రెండుంటాయి. ఈ ఫియట్టుకి అలా కాదు. ఆ రేకులే ఛాసిస్, ఆ రేకులే బాడీ. తలుపుల కింది పెట్టె, కాళ్ల కింది నేల కుళ్లితే పోయేది అందం కాదు, నడుము. ఆ ఎడం పక్క సీట్లోనే కదా హీరోయిన్ కూర్చునేది! వెనకాల కెమెరా అసిస్టెంట్లు ఇద్దరు. సెట్టు కూలితే మళ్లీ వేసుకోవచ్చు, ఇందులో ఉండేది అట్టబొమ్మలా? నేనీ మాటే అన్నాను. మిత్రుడు గడువు లెక్కలు చెప్పాడు. మేస్త్రి బీడీ వెలిగించుకుని మాట్లాడకుండా కూర్చున్నాడు. పేచీ తెంచింది వాళ్లమ్మగారు. "మీ నాన్న నిన్ను ఎక్కించుకుని తిప్పిన బండిరా. పిల్లల్ని ఎక్కించేలా చేస్తే చెయ్యి, లేకపోతే ఆ కొట్టువాడికి కబురు పెట్టు" అంది.

పని పెరట్లోనే మొదలైంది. బ్యాటరీ తీగలు విప్పాం. పెట్రోలు ట్యాంకు, సీట్లు, కింద పరిచిన చాపలు అన్నీ బయట పెట్టాం. నిప్పురవ్వ ఎటు పోతుందో తెలీదు కనుక ఇసుక బకెట్టు, తడిగోనె సిద్ధం. పాత రంగుల్లో సీసం ఉంటుంది, ఆ పొడి పీలిస్తే ప్రమాదం. అందుకే మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లతో తడుపుతూ ఎమెరీ కాగితం పట్టాం, ఎప్పటికప్పుడు పొడిగుడ్డతో తుడిచాం. పిల్లల్ని పెరటి ఛాయలకు రానివ్వలేదు.

అసలు ఈ తుప్పు తమాషా వినండి. ఇనుము, నీరు, గాలి కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే దానికి పరుగు. అల్యూమినియం మీద ఏర్పడే పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి, ఉబ్బి, పొరలూడి లోపలికి దారి చూపిస్తుంది. పైన బుడగ కనపడిందంటే లోపల కథ ఇంటర్వెల్ దాటిందన్నమాటే. కారు తలుపు విషయంలో మరీను. అద్దం పక్కనుంచి దిగిన వాననీరు పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, రేకుని లోపలినుంచి తింటాయి. మా ఫియట్టు తలుపుల్లోంచి గుప్పెళ్లకొద్దీ మట్టి వచ్చింది. సైకిలు స్పోకుతో రంధ్రాలన్నీ పొడిచి తెరిచాం.

పైపై తుప్పుని వైర్ బ్రష్‌తో రుద్ది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు పూస్తే సరిపోతుంది. తుప్పుని అది గట్టిపొరగా మారుస్తుంది. చిల్లు పడినచోట ఏ మందూ పనిచెయ్యదు, కొయ్యాల్సిందే. ఎంతవరకు? మంచి రేకు తగిలేదాకా. అరచెయ్యంత అనుకున్నది మూరెడైంది. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి కొలతలు తీశాం. ఆ కొలతకి 20 గేజి రేకు, అంటే మిల్లీమీటరుకి కాస్త తక్కువ మందం, కోసి వంచాడు మేస్త్రి. కొయ్యబోయే ముందు బండిని నాలుగు చోట్ల స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపులు బిగించి ఉంచాడు. లేకపోతే పెట్టె కోయగానే బాడీ వంగి, తర్వాత తలుపులు పడవు. సీవోటూ వెల్డింగు కూడా చుక్కచుక్కగా, ఇక్కడొకటి, జానెడు దూరంలో ఒకటి పెట్టాడు. ఒకేచోట కాలిస్తే పల్చటి రేకు అలలు తిరుగుతుంది.

ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పుట్టీ కాగితమంత పల్చగా, మళ్లీ ప్రైమరు, ఆపైన రంగు. ఒక్క మాట. ప్రైమరు కొట్టేశాం కదా అని బండిని వానలో వదిలేసేవాళ్లున్నారు. ప్రైమరు చాలావరకు తేమ పీల్చేరకం, పైన రంగు పడకపోతే తుప్పు మళ్లీ లేస్తుంది. డొల్ల పెట్టెల లోపలికి గొట్టంతో మైనం కొట్టాం. వెల్డింగు వేడికి లోపలి రంగు కాలిపోతుంది, అక్కడ బ్రష్ అందదు మరి.

నలభై రోజులన్నది యాభై రెండయింది. ప్రొడక్షన్ మేనేజరు రోజూ ఫోను, రోజూ తిట్లు. నిజానికి ఇంకో కారు చూసుకున్నాడు కూడా. అది లొకేషన్ దాకా రాకుండానే మొరాయించిందట. మా ఫియట్టు లారీ ఎక్కి వెళ్లింది.

తీరా వెళ్తే రాత్రి షూటింగు, వాన సీను! రెండు ట్యాంకర్ల నీళ్లు ఆ కారు మీదే కుమ్మరించారు, అదీ కుడివైపు నుంచి. హీరోహీరోయిన్లు, వెనక అసిస్టెంట్లు, మొత్తం అయిదుగురు ఎక్కారు. ఏడు టేకులు. మా మిత్రుడు గొడుగు కింద గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. ప్యాకప్ చెప్పగానే అందరూ హీరోవైపు పరిగెడితే, అతను మాత్రం టార్చిలైటు పుచ్చుకుని కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాలుగు తలుపుల అడుగునా, ఆ చిన్న రంధ్రాల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.