ఇయర్‌ఫోన్స్‌లో ఇంటి గొడవ



తొమ్మిదో క్లాసు చదివే మీ పిల్లలు ఇయర్‌ఫోన్స్‌లో ఏం వింటున్నారో ఎప్పుడైనా అడిగారా? అది ఎమినెమ్ పాట ‘క్లీనిన్ అవుట్ మై క్లాజెట్’ అని, అందులో ఒక కొడుకు కన్నతల్లినే దుమ్మెత్తిపోస్తాడని తెలిస్తే, చాలామంది చేసే మొదటి పని ఫోన్ లాక్కోవడం. పాటలో బూతులున్న మాట నిజమే. ఆరో క్లాసు పిల్లలైతే నేనూ వద్దనే అంటాను. పదిహేనేళ్ళ పిల్లల విషయంలో మాత్రం, ఆ తల్లీకొడుకుల కథ తెలుసుకున్నాకే ఏదైనా చేయమని నా మనవి.

ఎమినెమ్ పసివాడిగా ఉండగానే తండ్రి వదిలేసి వెళ్ళాడు. తల్లి డెబీ నెల్సన్ పెంచారు. ఊళ్ళు, స్కూళ్ళు మారుతూ చివరికి డెట్రాయిట్ చేరాక, తొమ్మిదో క్లాసు మూడుసార్లు చదివి 17 ఏళ్ళకు మానేశాడు. పాటల్లో తన పరువు తీశాడని 1999లో ఆమె కొడుకు మీదే కేసు వేశారు. 2001లో 25,000 డాలర్లకు రాజీ కుదిరింది. లాయర్ల ఫీజు పోను ఆమె చేతికి వచ్చింది సుమారు 1,600. ఆ తర్వాతి ఏడాది, 2002లో, ఈ పాట వచ్చింది.

2013లో ‘హెడ్‌లైట్స్’ అనే ఇంకో పాటలో అదే కొడుకు అమ్మకు క్షమాపణ చెప్పాడు. పాత పాటను ఇక స్టేజీ మీద పాడనన్నాడు. తాను బాధపడలేదని మాత్రం అనలేదు. 2014 మదర్స్ డే నాడు విడుదలైన దాని వీడియోలో కెమెరా అమ్మ కళ్ళతో చూస్తుంది. 2024 డిసెంబర్‌లో డెబీ కన్నుమూశారు.

మొదటి పాట లేకపోతే రెండోది వచ్చేదా? రాదనే నా అభిప్రాయం. కోపం బయటపడ్డాకే అమ్మ వైపు నుంచి చూడటం అతనికి సాధ్యమైంది, అదీ పదకొండేళ్ళకు.

మన ఇళ్ళలో అంత పెద్ద గొడవలు ఉండకపోవచ్చు. ర్యాంకు తగ్గితే పెద్దనాన్నగారి అబ్బాయితో పోలిక, చుట్టాల ముందు మార్కుల ప్రస్తావన, “నీ ఫీజు కోసమే ఈ తిప్పలన్నీ” అనే మాట, పక్క గదిలో అమ్మానాన్నల వాదులాట. పిల్లలు అన్నీ వింటారు. తిరిగి ఏదైనా అనబోతే “ఎదురు మాట్లాడకు” అంటాం. అప్పుడు ఎక్కడి నుంచో ఒక గొంతు తమ తరఫున అరుస్తుంటే వాళ్ళకు హాయిగా ఉంటుంది. అంతమాత్రాన మీ మీద ద్వేషం ఉన్నట్టు కాదు.

అందుకే, “ఈ పాటలో నీకేం నచ్చింది?” అని అడిగి చూడండి. అడిగాక మధ్యలో అందుకోకండి (ఇదే కష్టం). “ఏం లేదు, ఊరికే” అంటే అక్కడితో వదిలేయండి. ఓ రెండు రోజులాగి, స్కూలుకి దింపేటప్పుడు కార్లో ‘హెడ్‌లైట్స్’ మీరే పెట్టండి. అందులోనూ మొరటు మాటలు లేకపోలేదు కాబట్టి, ముందు రోజు రాత్రి మీరొకసారి విని ఉంచుకోండి.