ఓడను చూడాలంటే ఇంటిల్లిపాదీ పోవాలె



ఈ ఏడాది విహారయాత్ర ఎక్కడికి అన్న ముచ్చట హాస్టల్లో జోరుగా నడుస్తున్నది. కొందరు జూపార్కు అంటున్నారు, కొందరు సాలార్‌జంగ్ మ్యూజియం అంటున్నారు. నేను విశాఖపట్నం అన్నాను. "అడవిల పుట్టినోళ్ళకు ఓడతోని ఏం పని?" అని నవ్వినవాళ్ళున్నారు. వారికి నా జవాబు ఇది.

మా బాపు బేగంబజార్‌లో హమాలీ. సెలవుల్లో నేను అక్కడే ఉంటాను. ఖర్జూరం, లవంగాలు, జాజికాయ మూటలు దిగని రోజు ఆ బజారులో ఉండదు. హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా ఆ ఖర్జూరం అరబ్బు దేశాల నుంచి ఓడ ఎక్కి వచ్చిందే. గోల్కొండ సుల్తానుల కాలంలోనూ అంతే. వాళ్ళ రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి ఓడలు పర్షియా దాకా పోయేవి. సముద్రం మనకు దూరమే గాని, అది పంపిన బరువు మా బాపు వీపు మీదికే వస్తున్నది. ఓడతో మనకు పని లేదని ఎట్లా అంటాం?

విశాఖ రామకృష్ణా బీచిలో ఐ.ఎన్.ఎస్. కుర్సురా అనే జలాంతర్గామి ఉన్నది. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏండ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విరమించింది. తుక్కు కింద అమ్మకుండా దాన్ని ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. లోపల 75 మంది బతికేవారు.

పోయిన ఎండాకాలం బాపు, అవ్వ, చెల్లె, నేను గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పోయి చూసి వచ్చాం. లోపల అందరూ టార్పెడోల దగ్గర ఆగుతున్నారు. బాపు మాత్రం "ఇంత ఇనుము మునిగితే మళ్ళ ఎట్ల లేస్తది?" అని అడిగిండు. అక్కడ చూపించే ఆయన విడమర్చి చెప్పారు. పక్కన ట్యాంకులు ఉంటాయి. వాటిలోకి నీళ్ళు వదిలితే బరువెక్కి మునుగుతుంది. గట్టిగా అదిమిన గాలితో ఆ నీళ్ళను బయటికి నెడితే తేలికై పైకి వస్తుంది. "అంటే మూట ఎత్తుడు, మూట దించుడు" అన్నాడు బాపు. సైన్సు పుస్తకంలో బట్టీ పట్టిన ఆర్కిమెడిస్ సూత్రం నాకు అప్పుడు తలకెక్కింది.

అవ్వ వంటగది ముందర నిలబడి కదల్లేదు. ఇంత ఇరుకులో ఇంతమందికి ఎట్ల వండిండ్రు, పొగ ఎటు పోయింది, గాలి ఎట్ల ఆడింది అని ఆమె ప్రశ్నలు. గాలి సంగతే అసలు సంగతి. డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి కనుక లోతు నీళ్ళలో అవి నడవవు. అక్కడ బ్యాటరీలతో మోటార్లు తిరుగుతాయి. బ్యాటరీ తగ్గితే పడవ నీటి పైభాగానికి వచ్చి, డీజిల్ నడిపి మళ్ళీ చార్జింగ్ చేసుకోవాలి. గుండ్రటి ద్వారాల్లో అందరం వంగి దూరినం, చెల్లె ఒక్కతే దర్జాగా నడిచింది.

నేనొక్కణ్ణే పోతే టార్పెడోలు లెక్కపెట్టి బయటికి వచ్చేవాణ్ణి. నలుగురం పోయినం గనుక నాలుగు రకాలుగా చూసినం. బడి పిల్లల్ని వరుసగా నిలబెట్టి "పదండి, పదండి" అని పావుగంటలో దాటిస్తే నోటుబుక్కులో అంకెలు మిగులుతాయి, అంతే.

ఖర్చు మాటేమిటని అడుగుతారు. నిజమే. రైలు చార్జీలకు తోడు బాపుకు నాలుగు రోజుల కూలి పోయింది. కూలి ఇంటికి అది చిన్న మాట కాదు. అందుకే వార్డెన్ గారికి, ఉపాధ్యాయులకు నా మనవి: యాత్రకు ప్రతి తరగతి నుంచి ఇద్దరు తల్లిదండ్రులను బడి ఖర్చుతో తోలుకపోవాలి. వాళ్ళు పిల్లల్ని కనిపెట్టుకుంటారు, మనకు తోచని ప్రశ్నలూ అడుగుతారు.

మరొక మాట. కుర్సురా యుద్ధం కోసం పుట్టింది. బరువు మోసిన ఓడల కథ కూడా తెలుసుకోవాలె. 1948 మార్చి 14న నెహ్రూ గారు విశాఖలో జల ఉష అనే సరుకుల ఓడను నీళ్ళలోకి దించారు. అది అక్కడి కార్మికులు కట్టిన ఓడ. పోయేముందు దాని గురించి ఒక పాఠం చెప్పించండి.

తర్వాత చూద్దాంలే అనవద్దు. విక్రాంత్ అనే పాత విమానవాహక నౌక ముంబయిలో 2012 వరకు మ్యూజియంగా ఉండి, తర్వాత తుక్కయింది. విరాట్‌ను మ్యూజియం చేస్తామన్నారు, అదీ కాలేదు. 2020లో అలంగ్ తీరానికి ముక్కలు కావడానికి పోయింది. ఇనుప ఓడలే నిలవడం లేదు. కుర్సురా ఉన్నప్పుడే, మన అవ్వలకు బాపులకు నడిచే ఓపిక ఉన్నప్పుడే పోదాం.

మీ అభిప్రాయాలు వచ్చే సంచికకు రాయండి.

– 9వ తరగతి విద్యార్థి