పెరటి గడ్డికి పెట్రోలా... బ్యాటరీనా?

నాలుగు వానలు పడితే చాలు... మొన్నటిదాకా ఎండి బీటలు వారిన పెరడు పచ్చగా లేచి కూర్చుంటుంది. మొదటివారం చూడముచ్చటగా ఉంటుంది. రెండోవారం నడిస్తే పాదాలు తడుస్తాయి. మూడోవారానికి మోకాలెత్తు పెరిగి, 'అందులో ఏ పురుగూ పుట్రా ఉందో' అని పిల్లల్ని అటు పోనివ్వరు. సైనిక్‌పురి, మారేడుపల్లి, తిరుమలగిరి, అల్వాల్... సికింద్రాబాద్‌లో ఇంటి చుట్టూ కాస్త నేల మిగిలిన కాలనీలన్నింటా జులై, ఆగస్టుల్లో ఇదే కథ.

కొడవలి పట్టే మనిషి పిలిచిన రోజున దొరకడు. దొరికినా నడుం వంచి కోయడానికి ఓ పూట పడుతుంది. అందుకే 'ఓ మిషను కొనేద్దాం' అన్న ఆలోచన. సరే అని రాణీగంజ్ వెళితే దుకాణంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న... 'పెట్రోలుదా, బ్యాటరీదా సార్?'

అక్కడే చాలామంది తడబడతారు. పవర్ ఎక్కువ కదా అని పెట్రోలుది తెచ్చి, ఏడాదికి రెండుసార్లు వాడి మూలన పడేసేవారు కొందరు. తేలిగ్గా ఉందని చిన్న బ్యాటరీది తెచ్చి, వయ్యారిభామ పొదల ముందు చేతులెత్తేసేవారు మరికొందరు. కొనేముందు ఓ గంట పెరట్లో తిరిగితే ఈ రెండు పొరపాట్లూ తప్పుతాయి.

పాప్‌కార్న్ డబ్బాలో పుట్టింది!

బ్లేడు లేకుండా దారంతో గడ్డి కోయడమనే ఆలోచన 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టింది. జార్జ్ బల్లాస్ అనే ఆయన కారు కడిగించుకుంటూ, గిరగిరా తిరిగే బ్రష్షులు కారుకు గీత పడకుండా మురికిని వదలగొట్టడం చూశాడు. ఇంటికెళ్లి ఓ పాప్‌కార్న్ డబ్బాకు చిల్లులు పెట్టి, చేపల గాలానికి వాడే నైలాన్ తీగ దూర్చి, ఓ మోటారుకు బిగించాడు. చెట్ల మొదళ్ల దగ్గర గడ్డి తెగింది. ఇప్పటికీ సూత్రం అదే. వేగంగా తిరిగే నైలాన్ దారం కత్తిలా పనిచేస్తుంది. దాన్ని తిప్పే శక్తి పెట్రోలు ఇంజినుదా, బ్యాటరీదా అన్నదే తేడా.

ముందు గజాలు లెక్కేయండి

మూడొందల గజాల స్థలంలో ఇల్లు, కారు నిలిపే చోటు, సిమెంటు చేసిన దారి పోగా మట్టి నేల ఎంత మిగులుతుంది? సాధారణంగా వంద గజాలు మిగిలితే గొప్ప. దీనికి పెట్రోలు మిషను అంటే కాకరకాయ కోయడానికి గండ్రగొడ్డలి తెచ్చుకున్నట్టే.

కంటోన్మెంటులో పాత బంగళాల సంగతి వేరు. ఎకరాల్లో ఆవరణ, మనిషెత్తు పిచ్చిమొక్కలు, ప్రహరీ పక్కన ముళ్ల పొదలు. అక్కడ పెట్రోలు బ్రష్ కట్టరే దిక్కు. దానికి లోహపు బ్లేడు బిగిస్తే బొటనవేలంత కాడలు కూడా తెగుతాయి. ఖాళీ ప్లాటు శుభ్రం చేయించేవారికీ అదే సరి.

గడ్డి రకం కూడా చూడాలి. గరిక, తుంగ, లేత కలుపు అయితే బ్యాటరీ మిషను చక్కగా కోస్తుంది. (తుంగను ఎన్నిసార్లు కోసినా నేలలోని గడ్డల నుంచి మళ్లీ లేస్తుంది. దాన్ని తవ్వి తీయాల్సిందే.) కాడ ముదిరిన వయ్యారిభామను దారం కోయలేదు. పైగా దాని ముక్కలు ఒంటిమీద పడితే దురద, దద్దుర్లు. పూత రాకముందే, చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకేయడమే మేలు.

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

డబ్బా మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వోల్టులు, రెండోది ఆంపియర్-అవర్లు. రెంటినీ గుణించండి. 18 వోల్టులు, 4 ఆంపియర్-అవర్లు అయితే 72 వాట్-అవర్లు. మోటారు దాదాపు 300 వాట్లు తీసుకుంటుందనుకుంటే పావుగంట పని. లేత గడ్డయితే ఇంకాస్త ఎక్కువ, తడిసి ముద్దయిన గడ్డయితే ఇంకా తక్కువ. వంద గజాలకు ఒక బ్యాటరీ చాలకపోవచ్చు. అప్పుడు రెండోది కొనాలి, లేదా సగం ఇవాళ, సగం రేపు కోసుకోవాలి.

కరెంటు ఖర్చు లెక్కలోకే రాదు. ఒక్క యూనిట్‌తో ఇలాంటి బ్యాటరీని పదిసార్లకు పైగా నింపొచ్చు. అసలు ఖర్చు బ్యాటరీదే. ధర మరీ తక్కువ చూపిస్తే అందులో బ్యాటరీ, ఛార్జర్ ఉన్నాయో లేదో అడగండి. ఒంటి మిషను మాత్రమే అమ్మడం మామూలే. మూడు నాలుగేళ్ల తర్వాత అదే బ్యాటరీ దొరుకుతుందా అన్నదీ అడగాల్సిందే. ఒకే కంపెనీ బ్యాటరీ డ్రిల్లుకూ, గడ్డి మిషనుకూ సరిపోతే ఇంకా లాభం.

లిథియం బ్యాటరీకి ఎండ పడదు. మన మే నెల ఎండలో కారు డిక్కీలోనో, రేకుల షెడ్డులోనో వదిలేయకండి. వాడిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జ్‌తో, నీడపట్టున ఉంచండి.

చేతక్ స్కూటరు గుర్తుందా?

పక్కకు వంచి, చోక్ లాగి, పది కిక్కులు కొట్టిన రోజులు గుర్తున్నవారికి పెట్రోలు మిషను కొత్తేమీ కాదు. టూ స్ట్రోక్ ఇంజినుకు పెట్రోలులో ఆయిల్ కలపాలి. కంపెనీ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. కలపడం మరిచి ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఈ కలిపే పని లేదు. ఆయిల్ విడిగా పోసి, వేళకు మార్చితే చాలు.

ఇంకో తలనొప్పి... వానాకాలం అయిపోయాక ట్యాంకులో పెట్రోలు మిగిలిపోవడం. నెలలు గడిస్తే అది జిగురుగా మారి కార్బురేటర్‌ను మూసేస్తుంది. ఇప్పటి పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. సీజన్ చివర ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిను దానంతట అదే ఆగేదాకా నడిపి పెట్టాలి. ఏడాదికి నాలుగైదుసార్లే వాడే ఇంట్లో ఈ శ్రద్ధ ఎంతమందికి ఉంటుంది?

బరువు సంగతీ ఉంది. పెట్రోలు మిషన్లు అయిదు నుంచి ఎనిమిది కిలోలు, వీపున తగిలించుకునేవి ఇంకా ఎక్కువ. ఇంట్లో వాడే బ్యాటరీవి చాలావరకు మూడు నాలుగు కిలోల్లోపే. అరవై దాటినవారు దుకాణంలోనే అయిదు నిమిషాలు భుజాన వేసుకుని చూడాలి.

పొరుగువారి ఆదివారం

పెట్రోలు మిషను పక్కన నిలబడ్డ మనిషి చెవికి చేరే మోత వంద డెసిబెల్స్ దాకా ఉంటుంది. అంత మోతను పావుగంటకు మించి వినడం చెవులకు ముప్పని నిపుణుల లెక్క. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. గోడకు గోడ ఆనుకున్న కాలనీలో ఆదివారం పొద్దున ఆరింటికి పెట్రోలు తాడు లాగితే పక్కింటివారితో పలకరింపులు బంద్! బ్యాటరీదీ మౌనముని కాదుగానీ, దాని మోత చాలా తక్కువ. పొగ అసలే లేదు.

కన్ను జాగ్రత్త

ఏది కొన్నా మారని విషయం ఒకటుంది. తిరిగే దారానికి చిన్న రాయి తగిలితే తూటాలా ఎగురుతుంది. గడ్డిపరక కంట్లో గీరుకున్నా తేలిగ్గా తీసుకోకూడదు. మొక్కల నుంచి వచ్చే బూజు ఆ గాయంలో చేరితే కంటిపాప మీద పుండవుతుంది, చూపే పోవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ వైద్యులు పదేళ్లలో చూసిన 1352 ఫంగస్ పుండ్ల కేసులపై 2002లో ఓ అధ్యయనం ప్రచురించారు. వారిలో సగానికి పైగా అంతకుముందు కంటికి ఏదో దెబ్బ తగిలినవారే. కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం మరీ ప్రమాదం. అదేరోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మిషను బిల్లులో కళ్లద్దాలు కూడా చేర్చండి. నిండు ప్యాంటు, బూట్లు తప్పనిసరి. పదిహేను మీటర్ల లోపు ఎవరినీ రానివ్వకండి. మోకాలెత్తు గడ్డిని ముందు పొడవాటి కర్రతో కదిపి చూడండి. పాము కనిపిస్తే దూరం జరిగి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటివారిని పిలవండి.

ఇంతకీ మిషను పట్టుకునేది ఎవరు? చాలా ఇళ్లలో కొనేది యజమాని, కోసేది రోజుకూలీకి వచ్చే మనిషి. చెప్పులతో, కళ్లద్దాలు లేకుండా, చెవుల్లో దూది పెట్టుకుని. ఆ కళ్లద్దాలు, బూట్లు, చెవి తొడుగులు ఆయన కొలతకే కొనాలి. ఆయన కన్నూ కన్నే కదా!

మొత్తానికి లెక్క ఇదీ... వంద, నూటయాభై గజాల పెరడు, లేత గడ్డి, ఇంట్లోవారే కోసుకుంటే బ్యాటరీది. ఎకరం ఆవరణ, ముదురు పొదలు, పని తెలిసిన మనిషి ఉంటే పెట్రోలుది. ఏడాదికి రెండుసార్లే అయితే ఏదీ కొనకండి, మిషనుతో వచ్చి కోసిచ్చేవారిని పిలవండి.

మిషను ఆన్ చేసే ముందు ఇంట్లో ఓ మాట అడగడం మరవకండి. 'ఏమండీ, చవితికి గరిక కావాలి. ఆ మూల మాత్రం వదిలేయండి' అని లోపల్నుంచి వినిపిస్తే... ఆ మూల వదిలేయాల్సిందే!